బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

పోయిన నెల మీ ఊరి లైబ్రరీ గురించి రాయండి అని ఒక్క లైన్ వేశాం అంతే, సంచి నిండా ఉత్తరాలు, వాట్సాప్‌లో ఇంకా బోలెడు. లైబ్రరీకి ఎవరూ పోవట్లేదు అంటారు గానీ దాని మీద కోపం మాత్రం అందరికీ ఉందని తెలిసింది, కోపం ఉందంటే ఇంకా ఆశ ఉన్నట్టే లెండి. 30 ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో కుర్చీ అరగదీసినదాన్ని కాబట్టి ఈ జవాబులు నన్ను రాయమన్నారు. చాలామంది పేరు వెయ్యొద్దన్నారు, సరే ఎవరి పేరూ వెయ్యట్లేదు, ఊరి వైపు మాత్రం చెప్తున్నా.

ప్రశ్న: మా ఊళ్ళో బ్రాంచ్ లైబ్రరీ ఉంది, సొంత బిల్డింగే. పొద్దున కాసేపు తీస్తారు, పేపర్లు తప్ప ఏమీ ఉండదు, బీరువాలకి తాళాలు. మేం ఆరుగురం ఫ్రెండ్స్ ఏదైనా చేద్దామనుకుంటున్నాం, సర్పంచ్ గారి దగ్గరికెళ్తే ఫండ్స్ లేవు అన్నారు. ఎక్కడ మొదలెట్టాలి? (రేపల్లె దగ్గర, బాపట్ల జిల్లా)

బాబూ, ముందు నీకో సంగతి చెప్పాలి, నీ పక్కనే కొల్లూరు ఉంది చూడు, 1935లో పెదవడ్లపూడి నుంచి ఆ కొల్లూరు దాకా కాలవ మీద పడవలో లైబ్రరీ నడిచింది. పాతూరి నాగభూషణం గారు, పెదపాలెం సేవాశ్రమ వాణీ మందిరం వాళ్ళు నడిపారు. అప్పట్లో డెల్టాలో జనం తిరిగేది పడవల మీదే, మరి జనం ఎక్కడుంటే పుస్తకం అక్కడికి పోవాలి కదా అని పడవెక్కించారు. ఇప్పుడు నువ్వు అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది, మీ ఊరి జనం ఇవాళ ఏ పడవ మీద తిరుగుతున్నారో చూడాలి ముందు.

ఎలా చూడాలంటే, డబ్బు సంగతీ బోర్డు సంగతీ రంగుల సంగతీ పక్కన పెట్టి ఓ వారం రోజులు మీ ఆరుగురూ వంతులేసుకుని లైబ్రరీ అరుగు మీద కూర్చోండి. ఎవరొస్తున్నారు, ఎన్నింటికొస్తున్నారు, ఏం అడిగి లేదనిపించుకుని పోతున్నారు, ఓ నోట్‌బుక్‌లో రాయండి. మా బ్రాంచ్‌లో నేనిదే పని నా సర్వీసులో పన్నెండేళ్ళు గడిచాక గానీ చెయ్యలేదు, సిగ్గుచేటు. చేస్తే తేలిందేంటంటే మేం 8 నుంచి 11 దాకా తీసేవాళ్ళం, మళ్ళీ సాయంత్రం 4కి, పిల్లలేమో బడి వదిలి ట్యూషన్‌కి పోయి ఏడున్నరకి ఖాళీ అవుతారు, కూలికెళ్ళేవాళ్ళు పొద్దున 6కే వెళ్ళిపోతారు. అంటే మేం తీసే టైమ్‌కి ఊళ్ళో ఖాళీగా ఉండేది రిటైరైన మాస్టార్లు, మేమూ. దాన్ని చూసి జనానికి చదువు మీద ఆసక్తి చచ్చిపోయింది అని స్టాఫ్ మీటింగుల్లో తెగ బాధపడేవాళ్ళం.

రెండోది ఆ లైబ్రేరియన్‌తో మాట్లాడండి, కంప్లయింటు మొహం పెట్టుకుని వెళ్ళకండి. ఆయన బహుశా రెండు మూడు బ్రాంచీలు చూస్తుంటాడు, లేకపోతే పార్ట్‌టైమ్. ఒక టీ తాగించి, "సార్, మీకు చెయ్యడానికి మనిషి లేక ఆగిపోయిన పనేంటి" అని అడగండి. నేను పందెం వేస్తా, పుస్తకాల లిస్టు అంటాడు. బీరువాలో ఏముందో రిజిస్టర్‌లో ఒకటి ఉంటుంది అసలుగా ఒకటి ఉంటుంది, రెండూ పోల్చి చూసే ఓపిక ఒక్కడికి ఉండదు. దగ్గర్లో డిగ్రీ కాలేజ్ ఉంటే అక్కడి ఎన్నెస్సెస్ ప్రోగ్రాం ఆఫీసర్‌ని కలవండి, వాళ్ళకి ఏటా 7 రోజుల స్పెషల్ క్యాంప్ ఉంటుంది, ఎక్కడ పెట్టాలా అని వాళ్ళే ఊరు వెతుక్కుంటుంటారు. ఇరవై మంది పిల్లలు నాలుగు రోజులు కూర్చుంటే మూడు వేల పుస్తకాలు దులిపి, నంబర్లు వేసి, లిస్టు రాసేస్తారు. కంప్యూటర్‌లో ఎక్కించాలంటే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్నైసీ వాళ్ళ ఈ-గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ప్రభుత్వ లైబ్రరీలకి ఫ్రీనే, అది మీ జిల్లా గ్రంథాలయ సంస్థ ద్వారా అడగాలి.

ఇక ఫండ్స్. ఇంటికెళ్ళి మీ నాన్నగారి ఇంటిపన్ను రసీదు తీసి చూడు, గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1960 చట్టం కింద రూపాయి పన్నుకి 8 పైసలు, అంటే వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నట్టు లెక్క. పంచాయతీ అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి కట్టాలి, చాలాచోట్ల కట్టరు, బకాయి పెడతారు, అక్కడ జీతాలకే సరిపోవట్లేదు అంటారు, మీ బ్రాంచ్‌కి పుస్తకాలు రావు. మీ ఊళ్ళో ఎంత వసూలైంది ఎంత కట్టారు అని సమాచార హక్కు కింద అడగొచ్చు, 30 రోజుల్లో చెప్పాలి. కానీ బాబూ, ఆ కాగితం మొదటి రోజే తీసుకెళ్ళి సర్పంచ్ గారి బల్ల మీద పెట్టకు, ఆయన్ని శత్రువు చేసుకుని ఊళ్ళో లైబ్రరీ నడపలేవు. ముందు కరెంటు బిల్లు, ఒక ఫ్యాను, వీధి లైటు, ఇలాంటివి అడుగు, చిన్నవి చేసి ఫోటో దిగినాక మనిషికి అది నాది అనిపిస్తుంది, సెస్సు లెక్క అప్పుడు మెల్లగా తియ్యొచ్చు.

బడితో కూడా మాట్లాడండి. హెడ్మాస్టర్ ఒప్పుకుంటే వారానికి ఒక పీరియడ్ ఆరు, ఏడు తరగతులు లైబ్రరీకి నడిచొస్తే చాలు. పిల్లాడు ఇంటికి పుస్తకం పట్టుకెళ్తే తర్వాత వాళ్ళమ్మ చదువుతుంది, నేను చూశాను.

ప్రశ్న: నేను లైబ్రేరియన్‌నే మేడమ్, అవుట్‌సోర్సింగ్. పొద్దున్నే గ్రూప్స్, కానిస్టేబుల్ పిల్లలు వచ్చి సీట్లన్నీ పట్టేస్తారు, సొంత పుస్తకాలు తెచ్చుకుని సాయంత్రం దాకా లేవరు. పెద్దవాళ్ళు పేపర్ చదువుకోవడానికి చోటు లేదని నన్ను తిడతారు. పుస్తకాలు ఇంటికివ్వాలంటే భయం, పోతే నా జీతంలో కోస్తారు. నేనేం చెయ్యాలి? (హనుమకొండ)

తల్లీ, నీ ఊళ్ళో 1904లోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే లైబ్రరీ పెట్టినప్పుడు నిజాం పాలనలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి చోటు లేదనేది బాధ, ఇప్పుడు చదువుకునేవాళ్ళు ఎక్కువై చోటు లేదనేది బాధ, ఇది మంచి బాధే. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకెళ్ళి చూడు, చెట్ల కింద కూడా కూర్చుని చదువుతుంటారు. వాళ్ళని వెళ్ళగొట్టాలని మాత్రం అనుకోకు, గదికి ముగ్గురు నలుగురు ఉండే హాస్టళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, ఫ్యాను కింద నిశ్శబ్దం దొరికే చోటు వాళ్ళకి అదొక్కటే.

పేపర్లు వరండాలోకి మార్చు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం గొడవ దాంతో పోతుంది, ఎందుకంటే పేపర్ చదివేవాళ్ళు మాట్లాడుకుంటూ చదవాలి, ఒకాయన హెడ్డింగ్ చదివితే ఇంకొకాయన తిట్టాలి, అప్పుడే వాళ్ళకి పేపర్ చదివినట్టుంటుంది. లోపల పరీక్ష పిల్లలకి ఆ తిట్లు వినపడకూడదు. ఎండ తగలకుండా ఒక పరదా, రెండు బెంచీలు చాలు, బెంచీలు ఏ లయన్స్ క్లబ్ వాళ్ళనడిగినా పేరు రాయించుకుని ఇస్తారు.

ఆ పిల్లల్ని నీ పనిలోకి లాగు. ఆదివారం గంటసేపు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పినవాళ్ళకి కిటికీ పక్క సీటు అని ఒకావిడ పెట్టింది నాకు తెలిసిన బ్రాంచ్‌లో, నవ్వాం మేమంతా, కానీ అది పనిచేసింది. వాళ్ళకీ చెప్తే గుర్తుంటుంది, పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకీ లైబ్రరీ అంటే ఏంటో తెలిసింది, తర్వాత మోటారు కాలిపోతే బాగు చేయించింది ఆ తల్లిదండ్రులే. ఇంకొకటి, గోడకి ఒక నోట్‌బుక్ పురికొసతో కట్టి వేలాడదియ్యి, "మీకు కావాల్సి దొరకని పుస్తకం" అని పైన రాసి. అందులో రాసిన ప్రతిదానికీ ఎదురుగా పదిహేను రోజుల్లో నువ్వు ఏదో ఒకటి రాయాలి, తెప్పిస్తున్నాం అనో, కుదరదు ఫలానా కారణం అనో. జవాబు రాకపోతే నెలకి ఆ నోట్‌బుక్‌లో సినిమా హీరోల పేర్లు రాస్తారు, అది నా అనుభవం.

పుస్తకం పోయే భయం సంగతి. నీ భయం నాకు బాగా తెలుసు, స్టాక్ వెరిఫికేషన్ అంటే నాకు నాలుగు రోజుల ముందు నుంచే అన్నం సయించేది కాదు. మన లైబ్రరీల్లో బీరువాలకి తాళాలెందుకున్నాయంటే జనం దొంగలని కాదు, పోయిన పుస్తకం ఖరీదు గుమాస్తా జీతంలోంచి పోతుందని. కానీ కేంద్ర ప్రభుత్వం ఫైనాన్స్ రూల్స్, 2017వి, అందులో 215వ రూల్‌లో స్పష్టంగా ఉంది, ఏడాదిలో ఇంటికిచ్చినవీ అక్కడే చదివినవీ కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకి 5 పోతే అది మామూలు నష్టమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. అది కేంద్ర సంస్థలకి రాసిన రూలు, నీ సంస్థకి అదే వర్తిస్తుందని నేననను, కానీ అది ప్రింట్ తీసి నీ పై ఆఫీసర్‌కి చూపించి మనకీ ఇలాంటిది రాతపూర్వకంగా ఇవ్వండి అని అడగొచ్చు. అసోసియేషన్ వాళ్ళు జీతాల కోసం ధర్నా చేసినప్పుడల్లా ఇది కూడా డిమాండ్లలో పెట్టాలని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వెయ్యి పుస్తకాలు జనం చేతుల్లోకెళ్ళి 5 పోవడం మంచిదా, ఒక్కటీ పోకుండా మొత్తం చెదలు తినడం మంచిదా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. ఇక్కడి పబ్లిక్ లైబ్రరీకి పిల్లల్ని స్టోరీటైమ్‌కి తీసుకెళ్తుంటాం, మా ఊళ్ళో కూడా ఇలా ఉండాలనిపించింది. మా ఫ్రెండ్స్ కలిసి పాత పుస్తకాలు పోగేశాం, నాలుగు కంప్యూటర్లు కూడా పంపుదామనుకుంటే ఊరి లైబ్రరీ వాళ్ళు ఉత్సాహం చూపించట్లేదు. ఎందుకిలా?

ఎందుకంటే వాళ్ళకి మీలాంటివాళ్ళు ఇంతకుముందు ఇచ్చినవే ఇంకా ఉన్నాయి కాబట్టి. కోప్పడకండి, ఒక కథ చెప్తా. మా బ్రాంచ్‌కి ఒకాయన, పేరూ సంస్థా ఎందుకులెండి, నాలుగు కంప్యూటర్లు ఇచ్చాడు. రిబ్బన్, పూలదండలు, పేపర్లో ఫోటో. బల్లల్లేవు, యూపీఎస్ లేదు, మా బ్రాంచ్‌కి ఉన్నది ఒకే ప్లగ్ పాయింటు, దానికి ఫ్యాను. నేర్పేవాళ్ళు లేరు, నాకే మౌస్ పట్టుకోవడం రాదప్పటికి. రెండేళ్ళకి ఎలుకలు వైర్లు కొరికేశాయి, నేను ఆ మానిటర్ల మీద వారపత్రికలు పేర్చేదాన్ని. ఆయన ఎప్పుడైనా అడుగుతాడేమో అని మూడేళ్ళు వాటిని దులుపుతూనే ఉన్నా, అడగలేదు పాపం, మర్చిపోయుంటాడు.

మీ డల్లాస్ స్టోరీటైమ్‌లో మీకు నచ్చింది కంప్యూటరా, కార్పెట్ మీద కూర్చుని కథ చదివిన మనిషా? ఆ మనిషినివ్వండి. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరో, కథ బాగా చెప్పే రిటైర్డ్ టీచరో ఉంటారు, వాళ్ళకి నెలకింత గౌరవ వేతనం మూడేళ్ళపాటు అని ఒప్పుకోండి, ఒక్క ఏడాదికైతే వద్దు, అలవాటయ్యేలోగా ఆగిపోతే పిల్లలకి మళ్ళీ నమ్మకం రాదు. పిల్లల పత్రికలకి చందా కట్టండి. పుస్తకాలు పంపాలనుకుంటే ముందు లైబ్రరీ దగ్గర లిస్టు తీసుకుని ఇక్కడే విజయవాడలోనో కోఠీలోనో కొనిపించండి, సముద్రాలు దాటించే ఖర్చుకి కొత్తవే వస్తాయి. పోగేసినవాటిలో పాత ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్లు ఉంటే దయచేసి అక్కడే వదిలెయ్యండి. ఇంకోటి, కలకత్తాలో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ అని 1972 నుంచి ఉంది, రాష్ట్రం తన వాటా వేస్తే వాళ్ళ వాటా కలిపి పబ్లిక్ లైబ్రరీలకి పుస్తకాలిచ్చే పద్ధతి ఉంది, మీ ఎమ్మెల్యేతో ఫోటో దిగే పలుకుబడి ఉంటే దాన్ని ఆ వాటా అడగడానికి వాడండి, పుణ్యముంటుంది.

ప్రశ్న: అన్నీ ఫోన్లో ఉండగా ఇంకా లైబ్రరీలెందుకండి? (ఒంగోలు)

ఫోన్లో మీరు ఈ ప్రశ్న టైప్ చేసేలోపు మూడు నోటిఫికేషన్లు వచ్చుంటాయి, అందుకు.

ప్రశ్న: డ్వాక్రా సంఘం లీడర్‌ని. మా ఆడవాళ్ళకి చదవాలని ఉంటుంది గానీ లైబ్రరీ అంటే మగవాళ్ళు కూర్చునే చోటులా ఉంటుంది, వెళ్ళలేం. (శ్రీకాకుళం జిల్లా)

అమ్మా, మీరు వెళ్ళక్కర్లేదు, పుస్తకాలే రావాలి. మీ సంఘం మీటింగ్ ఎలాగూ ఉంటుంది, పొదుపు డబ్బులు లెక్కపెట్టే బల్ల మీదే ఓ రేకు పెట్టె, అందులో 30 పుస్తకాలు. బుక్ డిపాజిట్ సెంటర్ అని మన గ్రంథాలయ శాఖలో పాత ఏర్పాటే ఉంది, బ్రాంచ్ లేని చోట కొన్ని పుస్తకాలు ఉంచి మారుస్తుంటారు, లైబ్రేరియన్‌ని ఆ పద్ధతిలో ఇవ్వమని సంఘం తీర్మానం రాసి అడగండి. మీ చేతిలో సంతకాల పుస్తకం ఎప్పుడూ తప్పిపోదు, లక్షల అప్పులు రాసుకునేవాళ్ళు, పుస్తకాలు ఎవరు పట్టుకెళ్ళారో రాసుకోలేరా.

పెట్టెలో ఏం ఉండాలో మీరే చెప్పాలి. మేం ఒకసారి ఆడవాళ్ళ పెట్టె అని వంటలు, ముగ్గులు, వ్రతకథలు నింపి పంపాం, నెల తర్వాత అలాగే వచ్చింది, ఒకావిడ మాత్రం చీటీ పెట్టింది, "డిటెక్టివ్ నవలలు పంపండి, భూమి పట్టా కాగితాలు ఎలా చదవాలో ఏదైనా ఉంటే పంపండి" అని. ఆ పట్టా సంగతికి మా దగ్గర పుస్తకం లేదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఉత్తరం రాస్తే లాయర్‌ని పంపారు, ఫ్రీగానే, వాళ్ళ పనే అది. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి మా లైబ్రరీలో యాభై అరవై మంది ఆడవాళ్ళు పట్టాదారు పాస్‌బుక్కులు కొంగులో చుట్టుకుని కూర్చున్నారు, నా సర్వీసులో అంతకుముందు కుర్చీలు చాలకపోవడం ఎప్పుడూ లేదు, పక్కనున్న బడి నుంచి బల్లలు మోయించాం. తర్వాత వాళ్ళడిగింది ఒక్కటే, బాత్రూమ్. అది కట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ప్రశ్న: మా అబ్బాయికి చూపు లేదు, ఇంటర్ చదువుతున్నాడు. మా ఊరి లైబ్రరీ వాడికేమైనా ఉపయోగపడుతుందా? (నంద్యాల)

ఉపయోగపడాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభకి అయ్యంకి వెంకట రమణయ్య గారు పరుగులు పెట్టి ఏర్పాట్లు చేస్తే అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు, ఆయనకి రేచీకటితో మొదలై చివరికి చూపే పోయింది. మన లైబ్రరీ ఉద్యమం మొదలైందే అలాంటాయన అధ్యక్షతన, అయినా వందేళ్ళు దాటినా మా బ్రాంచీల్లో చూపులేని పిల్లాడొస్తే ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు.

సుగమ్య పుస్తకాలయ అని 2016 నుంచి ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసమే, అందులో మెంబర్ అయితే ఫోన్లో వినొచ్చు. వాడికి చూపు లేదన్న సర్టిఫికెట్ పట్టుకుని రిజిస్ట్రేషన్ చెయ్యడానికి లైబ్రేరియన్ సాయం అడగండి, ఈ పని కంప్యూటర్ ఉన్న ఏ బ్రాంచ్‌లోనైనా చెయ్యొచ్చు. వాడి పాఠ్యపుస్తకం అందులో లేకపోతే ఎవరైనా చదివి రికార్డు చెయ్యొచ్చా, కాపీరైట్ ఇబ్బందా అని అనుమానం వస్తుంది, అక్కర్లేదు, 2012లో మన కాపీరైట్ చట్టంలో ఇలాంటివాళ్ళ కోసం చేసే కాపీలకి మినహాయింపు పెట్టారు, చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందడానికి దేశాలు చేసుకున్న మారకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. పైన హనుమకొండ అమ్మాయికి చెప్పిన పరీక్షల పిల్లలున్నారు చూడండి, అలాంటివాళ్ళు మీ నంద్యాలలోనూ ఉంటారు, రోజుకి పది పేజీలు గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేస్తే వాళ్ళకీ రివిజన్.

ప్రశ్న: మా నాన్నగారు పోయారు, ఆయన దాచిన పాత మాసపత్రికలు మూడు పెట్టెలున్నాయి. కిలోల్లెక్కన అమ్మడానికి మనసొప్పట్లేదు, ఏ లైబ్రరీకి ఇవ్వాలి? (చీరాల)

మాస్టారూ, మీరు చీరాలలో ఉండి నన్నడుగుతారా, పక్కనే వేటపాలెం. 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలకి పెట్టింది పేరు, ఎక్కడెక్కడి నుంచో రీసెర్చ్ పిల్లలు వచ్చి రోజుల తరబడి కూర్చుంటారు, గాంధీగారి చేతికర్ర కూడా అక్కడే ఉంది. ముందు లిస్టు రాసుకుని వెళ్ళండి, ఏ పత్రిక, ఏ ఏడాది, ఏ నెల, వాళ్ళ దగ్గర లేని సంచికలు ఏవో వాళ్ళే చెప్తారు, ఉన్నవే మళ్ళీ ఇస్తే వాళ్ళకి చోటు దండగ. మిగిలినవి స్కాన్ చేయించాలనుకుంటే పాత పుస్తకాల్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఫ్రీగా పెట్టే తెలుగు వికీసోర్స్ కుర్రాళ్ళు సాయం చేస్తారు, కాకపోతే రాసినవాళ్ళు పోయి 60 ఏళ్ళు దాటితేనే కాపీరైట్ వదులుతుంది, పత్రికంటే పదిమంది రాస్తారు కాబట్టి అది కాస్త చూసుకోవాలి.

చెదలు పట్టాయని ఎండలో మాత్రం పరచకండి, ఆ కాగితం ఎండకి ఇంకా పెళుసెక్కిపోతుంది, నీడన గాలికి ఆరబెట్టి మెత్తటి బ్రష్‌తో దులపండి. కట్టలు కట్టేటప్పుడు పురికొస వద్దు, అంచులు విరిగిపోతాయి, పాత పంచె చింపి పట్టీల్లా చేసి వదులుగా కట్టండి, మీ నాన్నగారిదే ఉంటుంది కదా ఒకటి.